ఒక్క పళ్లెం తరాజు

2023 వానాకాలం. పటాన్‌చెరు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసేదాన్ని. పటేల్‌గూడలో రహీం సార్ అని ఒక పేషెంట్. పాశమైలారం దగ్గర ప్రైవేటు బడిలో డ్రాయింగ్ మాస్టారు. మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. మాట పోలేదు. నెమ్మదిగా కర్ర లేకుండా నడిచే స్థితికి వచ్చారు.

"సోమవారం నుంచి స్కూటీ మీద బడికి పోత బేటా" అన్నారు ఆ రోజు. కాళ్ల బలం చూశాను. బాగానే ఉంది.

మంచం మీద ఆయనకు ఎడమపక్క, రోజూ కూర్చునే కుర్చీలోనే ఆయన కూతురు నస్రీన్ ముఖం ముడుచుకుని కూర్చుంది. "అందరితోటి మంచిగనే ఉంటడు మేడం. నేను పిలిస్తేనే పలకడు. ఏం కోపమో ఏందో" అంది మెల్లగా.

సార్ అదేమీ విననట్టు, పిల్లల కోసం కొత్తగా గీసిన బొమ్మలు తీశారు. షాజహాన్ జీవితం. మొదటిది పువ్వు పట్టుకున్న చక్రవర్తి. మొగల్ బొమ్మల్లో ముఖం ఒక పక్కకు తిరిగే ఉంటుంది కదా, నాకేమీ తేడా తెలియలేదు.

రెండోది, యువరాజుగా ఉన్నప్పుడు ఆయన్ని బంగారం, వెండితో తరాజులో తూచే దృశ్యం. కుడి పళ్లెంలో సంచులు. తరాజు కాడ మధ్యలోనే ఆగిపోయింది. ఎడమవైపు పళ్లెమూ లేదు, యువరాజూ లేడు. తెల్ల కాగితం.

"సగమే గీశారేంటి సార్?"

"సగమేంది? మొత్తం గీసిన గద!"

కాగితాన్ని బాగా కుడివైపుకు జరిపాను. ఆయన చాలాసేపు చూశారు. ఖాళీ జాగాను వేలితో తడిమారు.

"యా అల్లా! షహజాదా యాడ బోయిండు?"

దీన్ని మేం నెగ్లెక్ట్ అంటాం. కన్నూ, చెవీ బాగానే ఉంటాయి. ఎడమవైపు ఒక లోకం ఉందన్న సంగతినే మెదడు వదిలేస్తుంది. ఎడమ నుంచి లారీ దూసుకొచ్చినా ఆయనకది లేనట్టే.

మూడో బొమ్మ నస్రీన్ చేతిలో ఉంది. ఆగ్రా కోటలో బందీగా, తాజ్‌మహల్ వైపు చూస్తున్న ముసలి షాజహాన్. "జబ్బుకు ముందు గీసినదాంట్ల మంచం పక్కన బిడ్డ జహనారా ఉండె మేడం. దీంట్ల లేదు" అంది.

"లేచి కుడిపక్కకు రామ్మా. ఇప్పుడు పిలువు" అన్నాను.

"అబ్బాజాన్!"

సార్ ముఖం వెలిగింది. "నస్రీన్! ఎప్పుడొచ్చినవ్ బేటా?"

పొద్దుటి నుంచి ఆమె ఆ గదిలోనే ఉంది.

స్కూటీ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కాగితం ఎడమ అంచున ఎర్ర గీత గీసి, అది కనిపించేదాకా తల తిప్పడం నేర్పించాను. నెలల తరబడి పట్టింది. చలికాలం దాటాక ఆటోలో బడికి వెళ్లడం మొదలుపెట్టారు. ఎడమవైపు ఇప్పటికీ వెతుక్కుని చూడాల్సిందే.

ఏం చేతకావడం లేదో పేషెంట్‌ను అడిగితే చాలని అంతవరకూ అనుకునేదాన్ని. తనకేం పోయిందో తనకే తెలియని జబ్బు కూడా ఉంటుంది. అందుకే ఇప్పుడు స్ట్రోక్ వచ్చిన ఏ ఇంటికి వెళ్లినా ముందు ఇంట్లోవాళ్లను అడుగుతాను: "మిమ్మల్ని పట్టించుకోవట్లేదని మీలో ఎవరైనా బాధపడుతున్నారా?"