ఎర్ర బోరింగు నీళ్ళ పప్పు

రాయచూరు దగ్గరి యరగేర దాటి మట్టిదారిన లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, సర్కారు బడి పిల్లలకు పదహారేళ్ళుగా వండిపెడుతున్నది రంగవ్వ. బిసియూట అని పిలిచే ఆ మధ్యాహ్నపు అన్నానికి రోజూ నూటపది మంది పిల్లలు బారులు తీరి కూర్చుంటారు. రంగవ్వకు చదువు రాదు. కానీ గిన్నె మూత తీయకుండానే, ఆవిరి వాసన పట్టి పప్పు ఎంతవరకు ఉడికిందో చెప్పేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో ఉర్దూ, ఏదైనా గలగలా మాట్లాడుతుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

ఆ ఊరికి ఫ్లోరైడు బాధ పాతదే. నీళ్ళలో అది ఎక్కువైతే పిల్లల పళ్ళ మీద పసుపు చారలు పడతాయి, పెద్దయ్యాక కీళ్ళు బిగుసుకుంటాయి. అందుకే పన్నెండేళ్ళ కిందట బడి వెనకాల ఉన్న చేతి బోరింగుకు ఎర్రరంగు పూసి, ఈ నీళ్ళు తాగవద్దని రాశారు. ఊరవతల కొత్త బోరు వేసి ఇంటింటికీ నల్లా ఇచ్చారు. అయినా, ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళ మీదా అవే చారలు.

అదెందుకో తేల్చడానికి పోయిన ఏడు వానాకాలంలో రాయచూరు నుంచి ముగ్గురు వచ్చారు. పళ్ళ డాక్టరు సౌభాగ్యలక్ష్మి పిల్లల నోళ్ళు చూసి, మూత్రం పరీక్షలు చేయించింది. భూగర్భ శాస్త్రం చదివిన ప్రాణేశ్ నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయాడు. నేత్ర అనే అమ్మాయి కాగితాల కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగింది. నెల తిరిగేసరికి ముగ్గురికీ చెడింది. నల్లా నీళ్ళలోనే ఏదో ఉందని డాక్టరమ్మ అనుమానం. తొమ్మిది సార్లు పరీక్షించాను, ఆ నీళ్ళకు వంక లేదని ప్రాణేశ్ పట్టు. ఊరంతా నల్లా నీళ్ళే తాగుతున్నామని చెప్పిందని నేత్ర తన కాగితాలు చూపించింది. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉంది, మూడూ కలిపితే మాత్రం పొసగడం లేదు.

ఒక మధ్యాహ్నం ఆ ముగ్గురూ బడి వరండాలో వాదించుకుంటుండగా రంగవ్వ వాళ్ళకు అన్నం వడ్డించింది. ప్రాణేశ్ రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. నల్లా నీళ్ళలో సున్నం ఎక్కువని అతనికి తెలుసు. ఆ నీళ్ళతో పప్పు ఇంత మెత్తగా ఎట్లా ఉడికిందని అడిగాడు.

రంగవ్వ చేతిలో గరిటె ఆగింది. వంటగదిలోకి పోయి పొయ్యి ముందు నిలబడింది. నిజం చెబితే పదహారేళ్ళ పని పోవచ్చు. చెప్పకపోతే ఈ ముగ్గురూ ఇట్లాగే కొట్టుకుని జీపెక్కి పోతారు. కిటికీలోంచి పళ్ళేలు కడుక్కుంటున్న పిల్లలు కనిపించారు. కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

"నల్లా నీళ్ళల్ల పప్పు ఎంతసేపైనా రాయి లెక్కనే ఉంటది సారూ. ఎర్ర బోరింగు నీళ్ళు పోస్తే అర్ధగంటల వెన్న లెక్క అయితది. నేను అవే పోస్తున్న. ఊళ్ళ అందరు గట్లనే పోస్తరు."

మరి తాను అడిగినప్పుడు ఒక్కరూ చెప్పలేదేమని నేత్ర తెల్లబోయింది.

"ఏ నీళ్ళు తాగుతరని అడిగినవు బిడ్డా. ఏ నీళ్ళల్ల వండుతరని అడగలే. తాగొద్దని రాసిండ్రు, వండొద్దని ఎవరన్నరు?"

ప్రాణేశ్ తల కొట్టుకుని నవ్వాడు. సున్నం తక్కువుండి, సోడా గుణమున్న నీళ్ళలోనే రాళ్ళలోంచి ఫ్లోరైడు ఎక్కువ దిగుతుందనీ, పప్పు తొందరగా ఉడికేదీ ఆ నీళ్ళలోనేననీ వివరించాడు. మరిగించినా ఫ్లోరైడు పోదని, నీళ్ళు ఇగిరినా అది పప్పులోనే మిగిలిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న వాళ్ళు ఒకే కాగితం మీదికి వంగారు.

రంగవ్వకు మాత్రం కళ్ళు నిండాయి. "అయితే పిల్లల పండ్లు నేనే పాడుచేసిన్నా డాక్టరమ్మా?"

"మేము ముగ్గురం నెల నుంచి తిరిగినా దొరకనిది నీ వంటింట్ల దొరికింది రంగవ్వా. తప్పు నీది కాదు, సరిగ్గ అడగలేకపోయినం," అంది సౌభాగ్యలక్ష్మి.

మరునాడు వంటగది వెనకాల నాలుగు పొయ్యిలు వెలిగాయి. ఒక గిన్నెలో ఎర్ర బోరింగు నీళ్ళు, ఒకదాంట్లో నల్లా నీళ్ళు. మూడోదాంట్లో బడి కప్పు మీంచి పట్టిన వాన నీళ్ళు, అది ప్రాణేశ్ ఆలోచన. నాలుగో గిన్నె రంగవ్వది. నల్లా నీళ్ళే, కానీ పప్పు మూడు గంటలు నానబెట్టింది. నేత్ర గడియారం పట్టుకుని కూర్చుంది. వాన నీళ్ళ పప్పు బోరింగు పప్పుతో పోటీగా ఉడికింది. ఉత్త నల్లా నీళ్ళది పలుకుగానే మిగిలింది. నానబెట్టిన పప్పు ఇంకో పావుగంట తీసుకుంది కానీ రుచికి అదే బాగుందని పిల్లలు తేల్చారు.

బడికి వాన నీళ్ళ ట్యాంకు కట్టించడానికి, బోరింగు పిడి ఊడదీయడానికి పంచాయితీ ఒప్పుకుంది. ఇళ్ళల్లో అలవాటు మార్చడమే కష్టమైంది. పక్కింటి హుచ్చమ్మ, తన మొగుడు నింగప్ప పప్పు కొంచెం పలుకున్నా పళ్ళెం తోసేస్తాడని మొండికేసింది. రంగవ్వ వాళ్ళింటికే పోయి, వాళ్ళ పొయ్యి మీదే నానిన పప్పు వండింది. నింగప్ప ఏమీ అడగకుండా మూడు సార్లు వడ్డించుకున్నాడు. హుచ్చమ్మ ఆ ముచ్చట ఊరంతా చెప్పింది, ఆమె చెప్పాక ఇంకెవరినీ బతిమాలే పని లేకపోయింది.

ఈ ఏడు మళ్ళీ పరీక్షలు చేస్తే పిల్లల మూత్రంలో ఫ్లోరైడు సగానికి పైగా తగ్గింది. ఇప్పటికే పడిన చారలు పోవని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. చిన్నపిల్లలకు రాబోయే పళ్ళు మాత్రం తెల్లగా రావచ్చు.

ముగ్గురూ రాసిన నివేదిక మీద నాలుగు పేర్లున్నాయి. రాయచూరులో జరిగిన సభలో రంగవ్వను వేదిక ఎక్కించారు. ఎదురుగా ఉన్నవాళ్ళంతా డాక్టర్లూ ప్రొఫెసర్లూ. మైకు అవసరం లేదని పక్కకు జరిపి, జరిగిందంతా కన్నడంలో చెప్పింది. చివర్లో, మీరందరూ ఎప్పుడైనా ఒకే గదిలో కూర్చుని అన్నం తింటారా అని అడిగింది. సభంతా గొల్లున నవ్వింది.

వచ్చే నెల ఆ బృందం అరకేర వైపు ఊళ్ళకు పోతున్నది. రంగవ్వను కూడా వారం రోజులు రమ్మన్నారు. ఆమె ఒక్క షరతు పెట్టింది: ప్రతి ఇంట్లో ముందు వంటింట్లోకి పోవాలి, కాగితాలు తర్వాత. నేత్ర సరేనంది.