దావీదు గారు అమ్మని చేప

మా అమ్మాయి అక్వేరియం నీళ్లు మార్చిన రోజు ఇల్లంతా నాచు వాసన. చేప పెద్దదైపోయింది, ఎక్కడైనా చెరువులో వదిలేద్దామమ్మా అంటోంది. చెరువులో మాత్రం వద్దంటున్నాను.

రెండువేల నాలుగో ఐదో, నాకు పదేళ్లు. ముదినేపల్లి దగ్గర మా చేపల చెరువులో నాన్న పెంచడానికి వదిలేవి బొచ్చెలూ శీలావతులే. తెల్లవారుతూనే వెదురు గెడలకు వేలాడే తవుడు సంచుల చుట్టూ మూగి అవి నీళ్లను తుకతుకమనిపించేవి. వలలు వేసి చేపలు పట్టే పట్టుబడి రోజున గట్టంతా నానిన వేరుశనగ చెక్క వాసన, తడి వలల వాసన, ఊకలో చుట్టిన ఐసు దిమ్మల చల్లదనం, వలవాళ్ల మేస్త్రి గారి చుట్ట పొగ, అమ్మ పెద్ద గిన్నెతో పంపే పులిహోర ఘుమఘుమ. మేం వదలని చేప వలలో పడితే అది వల లాగినవాళ్లదే అన్నది మా వైపు పద్ధతి. వాలుగో, జెల్లో, కొర్రమీనో, నాన్న చూసి పేరు చెప్పేవారు, వాళ్లు నవ్వుకుంటూ తువ్వాల్లో మూటగట్టుకునేవారు.

ఆ ఏడు పడినదాన్ని ఎవరూ మూటగట్టుకోలేదు. మూరెడు పొడవు, నల్లగా, ఒళ్లంతా గరుకు పెంకు, వీపు మీద విసనకర్రలా విప్పుకున్న రెక్క. దాని ముల్లు వలను చింపి, మేస్త్రి గారి అరచేతినీ చీరింది. తడి గోనె మీద వేసి అందరూ చుట్టూ చేరారు. మీసాలున్నాయి కాబట్టి జెల్ల జాతేనని ఒకరంటే, మొసలి పిల్లేమో, నోట్లో వేలు పెట్టి చూడరాదా అని ఇంకొకరు. నాన్న పుల్లతో దాన్ని వెల్లకిలా తిప్పారు. అడుగున, చొక్కా గుండీలా గుండ్రంగా నోరు.

ఆ నోరు నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఏలూరులో పిన్ని కొనిచ్చిన గాజు తొట్టిలో అద్దానికి అతుక్కుని ఉండేది. మిగతా రంగు చేపలు చచ్చిపోతే, ఇదొక్కటైనా బతకాలని, వేలెడంత దాన్ని నేనే చెరువులో వదిలాను. ఎవరికీ చెప్పలేదు.

చేపపిల్లల్లోనే కలిసి వచ్చుంటుందన్నారు నాన్న. పిల్లల్ని తెచ్చి అమ్మే దావీదు గారికి కబురెళ్లింది. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్లావిడ నూనెలో వేయించిన గులాబీ పువ్వులు డబ్బా నిండా మా ఇంటికి తెచ్చే మనిషి. మోపెడ్ దిగి, చెప్పులు విడిచి, గోనె పక్కన కూర్చున్నారు.

"ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదండీ. నా సంగతి మీకు తెలీదా?"

"మరెలా వచ్చింది దావీదూ, నడిచొచ్చిందా?"

గారు లేకుండా ఆయన్ని నాన్న పిలవడం అదే మొదటిసారి. నేను వెనకాల నిలబడి గౌను అంచు నలుపుకుంటున్నాను. ఒక్క మాట చాలు. అది నేను అనలేదు.

నాన్న మళ్లీ ఆయన దగ్గర పిల్లల్ని కొనలేదు. అది చూసి చుట్టుపక్కల చెరువులవాళ్లూ మానేశారు. ఆ డిసెంబరులో గులాబీ పువ్వుల డబ్బా రాలేదు. మరుసటి ఏడు వాళ్ల కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయిందని విన్నాను.

మొన్న నాన్న తాడేపల్లిగూడెంలో మా ఇంటికొచ్చారు. మనవరాలి తొట్టి ముందు కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, అద్దానికి అతుక్కున్న నల్ల చేపను చాలాసేపు చూశారు.

"ఇది ఎంత పెరుగుతుందమ్మా?"

"మూరెడు, నాన్నా."

"నీకెలా తెలుసు?"

చెప్పాను. నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "దావీదు గారు ఎక్కడుంటున్నారో కనుక్కో, వెళ్దాం" అన్నారు.

మూడు రోజులుగా అడుగుతూనే ఉన్నాను. ఆ చెరువు పూడ్చేశారు, గట్టు లేదు, మేస్త్రి గారూ లేరు. ఫోనెత్తినవాళ్లంతా ఏ దావీదు అంటున్నారు. అన్నేళ్లు వాళ్లింటి గులాబీ పువ్వులు తిన్నాం. ఆయన ఇంటిపేరు మాలో ఎవరికీ తెలియదు.