బాలమణమ్మ ఒంటిచేతి పూత

తూంకుంట బాలమణమ్మ ఎవరికి దోమల మందు పూసినా ఒక్క చేతికే పూస్తుంది. రెండో చెయ్యి దోమలకు వదిలేస్తుంది. ఇదేం న్యాయమమ్మా అని అడిగితే, "రెండు చేతులకు పూస్తే ఇగ లెక్క ఎట్ల తెలుస్తది?" అని మననే ఎదురు అడుగుతుంది.

లెక్కంటే ఇదీ. సాయంత్రం ఎడమ చేతికి మోచేతి దాకా మందు పూస్తుంది. పొద్దున్నే వెళ్లి రెండు చేతులూ చూపించాలి. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, ఏ చేతి మీద ఎన్ని దద్దుర్లు ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టి, పెరటి గోడ మీద ఇంటి నంబరు వేసి బొగ్గుతో గీతలు గీస్తుంది. పూసిన చేతికి సున్నా, పూయని చేతికి పన్నెండు వచ్చిందనుకోండి, ఆ రోజు ఆవిడ ముఖం చూడాలి. పన్నెండు కుట్టించుకున్నవాడి ముఖం మాత్రం ఎవరూ చూడరు.

ఆవిడ ఉండే లేఅవుటంతా ఒకప్పుడు వాళ్ల జొన్నచేనే. కొడుకు ప్రవీణ్ ప్లాట్లు చేసి అమ్మేశాడు. మూలనున్న పాత ఇల్లూ, దాని వెనక పెరడూ మాత్రం బాలమణమ్మ ముట్టుకోనివ్వలేదు. అందులో నిమ్మగడ్డి ఉంది, తులసి ఉంది, వేపచెట్టు ఉంది. నిమ్మగడ్డిని సన్నగా కోసి కొబ్బరినూనెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్లలో కూర్చోబెట్టి, గడ్డి రంగు పోయేదాకా ఉంచుతుంది. గుడ్డలో వడకట్టి తేనెమైనం కరిగిస్తుంది. సగం కట్టి వదిలేసిన అపార్టుమెంట్ల సజ్జల కింద తేనెపట్లు తీసేవాళ్లు ఆ మైనం ఆవిడకే తెచ్చివ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. పొయ్యి మీద నుంచి దించాక వేపనూనె పోసి, చల్లారేదాకా పప్పుగుత్తితో తిప్పుతూనే ఉంటుంది. ఒక చుక్క చల్లటి పళ్లెం మీద వేస్తే జారకుండా నిలబడాలి. అప్పుడే మందు అయినట్టు.

ఇక దాని వాసన సంగతి. ఆ వాసనకు దోమలు పారిపోవడంలో వింతేమీ లేదు. మనుషులూ పారిపోదామనే చూస్తారు. బాలమణమ్మ పారిపోనివ్వదు, అదొక్కటే తేడా.

గ్యాసుబండలు వేసే మల్లేష్ భుజాన బండ పెట్టుకుని వస్తే, దించేలోపలే ఖాళీగా ఉన్న చేతికి పూసేసింది. ఆడబిడ్డ కూతురు అశ్రిత పెళ్లిలో పెళ్లికూతురి రెండు చేతులకూ గోరింటాకు ఉండటం చూసి, పోనీలే పాపమని ఒక కాలికి పూసింది. ఎన్నికలప్పుడు ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుడొకాయన వినయంగా చేతులు జోడించి నిలబడితే, జోడించిన చేతులు విడదీసి ఒకదానికి పూసింది. "ఓటు సంగతి తర్వాత. పొద్దుగాల వచ్చి చెయ్యి చూపెట్టి పో" అంది. ఆయన రాలేదు. "ఇప్పుడే రానోడు గెలిచినంక వస్తడా?" అని ఆ ఓటు కాస్తా ఇంకొకరికి వేసేసింది.

ఈ దౌర్జన్యాన్ని లేఅవుటు లేఅవుటంతా నోరు మూసుకుని భరించింది. భరించలేనివాడు ఒక్కడే, పదకొండో నంబరు ఇంటి జానకిరామయ్య సారు. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరై, యాప్రాల్‌లో బండ్ల రొద పడలేక ప్రశాంతత కోసం ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు కోపం ముక్కు మీద ఉంటుంది. నెత్తి మీద వెంట్రుక ఒక్కటీ లేదు గనుక ఆ కోపం నడినెత్తి దాకా ఎర్రగా కనిపిస్తుంది.

గృహప్రవేశం అయిన మర్నాడే గేటు దగ్గర దొరికిపోయాడు.

"కొత్తగ వచ్చిన్రా సారూ? చెయ్యి ఇటు పెట్టుర్రి."

"ఎందుకమ్మా?" అనేలోపల మోచేతి దాకా చల్లగా జిడ్డు పాకింది.

"ఏందమ్మా గిది! అడగకుండ పూస్తరా?"

"అడిగితే వద్దంటరు గద."

"సరే, పూసిన్రు. మరి గీ చెయ్యి?"

"గది దోమలకు."

జానకిరామయ్య నెత్తి ఎర్రబడింది. "నా మీద పరీక్షలు చేస్తున్నరా? నేనేమన్న ఎలుకనా?"

"ఎలుకకు ఎన్ని కుట్టినయో చెప్పనీకి రాదు గద సారూ" అంది బాలమణమ్మ. అని, ఆయన నెత్తి వంక చాలాసేపు మురిపెంగా చూసింది. "మీ నెత్తి మస్తు సాఫ్‌గ ఉన్నది. నడుమ గీత గీసి సగానికి పూస్తే, లెక్క అద్దంల కనబడ్డట్టు కనబడ్తది."

ఆ రోజు నుంచి ఆయన మండుటెండల్లో కూడా ఉన్ని టోపీ పెట్టుకునే బయటికి వచ్చేవాడు.

మండిపోయే సంగతి ఇంకొకటుంది. మందు పని చేసేది! ఎడమ చెయ్యి నున్నగా ఉండేది, కుడి చెయ్యి ఆనపకాయ గింజలు అతికించినట్టు ఉండేది. పని చెయ్యకపోతే తిట్టి ఊరుకునేవాడు. పని చేసే మందును ఒక చేతికి పూసి ఇంకో చేతికి లేదనడం ఏ శాస్త్రంలో ఉంది? చివరికి అభిమానం చంపుకుని ఒక డబ్బా అడిగాడు.

"మీకెందుకు సారూ డబ్బ? ఇంటికి జాలీ తలుపులున్నయి, కరెంటు బ్యాటున్నది."

"మరి గా అరల్ల పెట్టిన మందు డబ్బాలన్ని ఎవరికి?"

"ఉన్నరు తియ్యిర్రి."

ఉన్నారట! జానకిరామయ్య ఇంటికొచ్చి భార్య ఇందిరమ్మ ముందు గంతులేశాడు. "మన చేతులు కుట్టించి, తయారైన సరుకు ఎటో పంపుతున్నది. బయటి దేశాలకే పంపుతున్నదో ఏమో!" ఇందిరమ్మ నవ్వుకుంటూ, పొద్దుటి లెక్కకు తన చెయ్యి చూపించడానికి వెళ్లిపోయింది. ఇంట్లో కూడా ఆయన బాధ పట్టించుకునేవాళ్లు లేరు.

షామీర్‌పేటలో పాత విద్యార్థులంతా కలిసి ఆయనకు సన్మానం పెట్టుకున్న రోజు అసలు గొడవ జరిగింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బాలమణమ్మ కంటబడకుండా వెనక సందులోంచి స్కూటర్ తోసుకుంటూ బయటపడ్డాడు. సందు చివర నిమ్మగడ్డి కోస్తూ ఆవిడే ఉంది. ఇంకేముంది, ఎడమ చెయ్యి అయిపోయింది.

వేదిక మీద ఆయనకు ఎడమ పక్కన కూర్చున్న ముఖ్య అతిథి మొదట దగ్గాడు. తర్వాత కుర్చీ జరిపాడు. శాలువా కప్పేటప్పుడు ముక్కు పక్కకు తిప్పుకుని కప్పాడు. ఫోటోల్లో జానకిరామయ్య కుడి పక్కన పదిహేను మంది, ఎడమ పక్కన ఒక పూలకుండీ. ముప్ఫై నాలుగేళ్ల గౌరవం వేపనూనె పాలైంది!

మర్నాడు పొద్దున ఆయన నిండు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని మరీ బాలమణమ్మ పెరట్లోకి వెళ్లాడు. నిజానికి పూసిన చేతికి సున్నా, పూయని చేతికి పదకొండు.

"ఎన్ని సారూ?"

"ఎడమ చేతికి పదిహేడు. కుడి చేతికి రెండు."

బాలమణమ్మ చేతిలో బొగ్గు ఆగిపోయింది. "పూసిన చేతికా?"

"పూసిన చేతికే."

"ఏది, చూపెట్టుర్రి."

"ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పినోని మాట మీద నమ్మకం లేదా?"

ఆవిడ గుండీలు పెట్టిన చొక్కా చేతుల వంక ఒకసారి చూసింది. "మిగిలినోళ్లయి చేతులు చూడంది నమ్మ. మీరు లెక్కల సారు. మీ లెక్క ఎట్ల తప్పుతది?" అని గోడ మీద పదిహేడు గీతలూ గీసింది. ఒక్కో గీత గీస్తుంటే జానకిరామయ్యకు కడుపు చల్లబడింది. మందు పని చెయ్యదని తేలితే ఈ పీడ విరగడవుతుందనే ఆయన ఎత్తు.

ఎత్తు పారింది. ఆ రోజు నుంచి బాలమణమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పెరట్లో పొయ్యి వెలగలేదు. జానకిరామయ్య వరండాలో కుర్చీ వేసుకుని, వాసన లేని గాలి గుండెల నిండా పీల్చుకుంటూ నాలుగు రోజులు దర్జాగా పేపరు చదువుకున్నాడు.

అయిదో రోజు, ఇంట్లో గిన్నెలు తోమే ఈదమ్మ ఆలస్యంగా వచ్చి, నల్లా దగ్గరే కూర్చుని కునికింది. ఇందిరమ్మ కంగారుగా లేపింది. "ఏమైంది ఈదమ్మా, పానం మంచిగ లేదా?"

"నిద్ర లేదమ్మా. పిల్లలు గోక్కుంట ఏడుస్తనే ఉన్నరు. బిల్డింగు కోసం తవ్వి ఇడిసిపెట్టిన గుంతల నీళ్లు నిలిచినయి. మా రేకుల షెడ్లు గా పక్కకే ఆయె. బాలమణమ్మ మందు ఉన్నన్ని దినాలు హాయిగ పండుకున్నరు. ఇప్పుడు నాలుగు దినాలాయె, ఇస్తలేదు."

"ఎందుకిస్తలేదు?"

"ఎవరో సారుకు మందు పూసిన చేతికే పదిహేడు కుట్టినయంట. ఇంగ ఇయ్యనంటాంది. ముందుగాల గీ ఇండ్లోళ్ల చేతుల మీద మంచిగ తేలాలె. తేలినంకనే మా పిల్లలకు రెండు చేతులకు, రెండు కాళ్లకు ఆమెనే వచ్చి పూస్తది. ఏళ్లు నోట్లె పెట్టుకుంటరని ఏళ్లకు మాత్రం పుయ్యది. పెద్దోళ్ల మీద తేలని మందు పసిపోరగాండ్లకు పుయ్య అని ఒక్కటే మాట."

వరండాలో పేపరు చప్పుడు ఆగిపోయింది. ఇందిరమ్మ భర్త వంక చూసింది. ఆ పదిహేడు కుట్టిన చెయ్యి ఎంత నున్నగా ఉందో ఆవిడకు తెలుసు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

జానకిరామయ్య టోపీ పెట్టుకుని షెడ్ల దగ్గరికి నడిచాడు. ఈదమ్మ మనవరాలు నాలుగేళ్ల దీప గడప మీద కూర్చుని రొట్టె తింటోంది. చూసీ చూడగానే లెక్కపెట్టడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక చేతి మీద ఇరవై ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. రెండో చెయ్యి చూడలేకపోయాడు. సిగ్గేసింది. లెక్కలు చెప్పినంత కాలం ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టాడు తప్పుడు లెక్క చేశారని! ఇప్పుడు తన చెవి ఎవరు మెలిపెట్టాలి?

బాలమణమ్మ పెరట్లో అరుగు మీద ఆరు డబ్బాలు తలకిందులుగా బోర్లించి ఉన్నాయి.

"గవేంది, గట్ల బోర్లించిన్రు?"

"ఫేలైనయి సారూ. ఏం తక్కువైందో నాలుగు దినాల సంది సమజ్ అయితలేదు. యాపనూనె మార్చి చూస్త."

"ఏం తక్కువ కాలేదు" అన్నాడు జానకిరామయ్య. "పూసిన చేతికి సున్న. పుయ్యని చేతికి పదకొండు. నేను అబద్ధం చెప్పిన."

బాలమణమ్మ లేచి నిలబడింది. కోపం ఎలా ఉంటుందో జానకిరామయ్యకు ఆ రోజే తెలిసింది, ఇన్నాళ్లూ తనకు వచ్చేది ఉత్త చిరాకే.

"లెక్కల సారు అని నమ్మితి గద! జాలీ తలుపుల ఎనక పండుకునేటోనివి, ఒక్క చెయ్యి కుట్టించుకుంటే అరిగిపోతవా? గా పోరగాండ్లకు తలుపే లేకపాయె!"

తప్పు తనదే అయినా, తిట్టించుకుని ఊరుకునే మనిషి కాదు జానకిరామయ్య. "మరి షెడ్ల పిల్లల కోసమని ముందుగాల చెప్పొచ్చు గదమ్మా! చెప్తే నేనే రోజు చెయ్యి చాపుతుంటి!"

"చెప్తే ఏమైతది? మీరందరు మీటింగు పెడ్తరు. నాకు శాలువా కప్పుతరు. ఫోటోలు దిగుతరు. పొద్దుమూకి పిల్లలకు పూసే టైముకు ఉపన్యాసాలు మొదలుపెడ్తరు. నాకు గవన్ని వద్దు. చేతులు కావాలె."

శాలువా అనేసరికి జానకిరామయ్యకు పూలకుండీ పక్కన దిగిన ఫోటో గుర్తొచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి పదిహేడు గీతలనూ అరచేత్తో తుడిచి, తన చేత్తోనే సున్నా చుట్టాడు. ఆరు డబ్బాలూ తిప్పి నిలబెట్టాడు. "పాసైనయి" అన్నాడు. కోపం ఇంకా తగ్గని బాలమణమ్మ వాటిని ఆయన చేతుల్లోనే పెట్టి షెడ్ల దాకా మోయించింది. దీప రెండు చేతులకూ పూత పడేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే దారిలో అంది. "ఉయ్యాలల పండే పసిపిల్లలకు గీ మందు ఘాటెక్కువ. యాపనూనె సగం తగ్గించి ఇంకొకటి చేసిన. పసిపిల్లల తోలు మెత్తగుంటది. మెత్తటి తోలు మీదనే చూడాలె. చేతులు మొరటుగుంటయి, పనికి రావు."

జానకిరామయ్యకు సంగతి అర్థమైంది. రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ కాపాడేటట్టు లేరు.

"సారూ, టోపీ తియ్యిర్రి."

తీశాడు.

ఆ సాయంత్రం తూంకుంట లేఅవుటులో జానకిరామయ్య సారు సగం నెత్తి తళతళలాడుతూ, సగం నెత్తి మామూలుగా ఇంటికి నడిచి వెళ్లడం అందరూ చూశారు. ఏంటి సారూ అని అడిగినవాళ్లందరి మీదా, "లెక్కకు! ఏం, కనబడ్తలేదా?" అని మండిపడుతూ వెళ్లాడు. జాలీ తలుపులు తీసిపెట్టి మరీ పడుకున్నాడు. ఇందిరమ్మ లోపలి గదిలోకి మారింది.

పొద్దున్నే స్టూలు మీద ఆయన్ను కూర్చోబెట్టి బాలమణమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "పూసిన పక్క సున్న. పుయ్యని పక్క తొమ్మిది" అని గోడ వైపు తిరిగింది.

"తొమ్మిది కాదు, పది!" జానకిరామయ్య స్టూలు మీద నుంచి దిగ్గున లేచాడు. "చెవెనుక ఒకటున్నది, మంచిగ చూడుర్రి. లెక్కంటే లెక్కే!"