తెర మీదికి పోయిన మా లెక్కల సారు

ముందుగా పాఠకులకు, సారు ఆత్మకు, సమస్త గణిత లోకానికి చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. అంతటి మర్యాద నా దగ్గర లేదు. మా లెక్కల సారు పోయిన వారం కర్నూలు పక్కన కల్లూరులో, పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే కన్నుమూశారు. సారు మనల్ని వదిలి వెళ్లారని కాలేజీ గ్రూపులో అందరూ రాస్తున్నారు. మా తొమ్మిది మందిని ఆయన వదిలి వెళ్లింది ఇప్పుడు కాదు. ఐదేళ్ల కిందట, పరీక్షలకు ఇంకా మూడు నెలలుందనగా.

అప్పుడు మేము డోన్‌లో ఇంటర్ రెండో ఏడాది. ఇంజినీరింగ్ సీట్ల పెద్ద పరీక్షకు చదివేవాళ్ల కోసం కాలేజీవాళ్లు హాల్లో ఒక తెర కట్టించారు. పాఠం ఏదో నగరంలోని కోచింగ్ కంపెనీ నుంచి వచ్చేది. తెరలోని ఆయన "అర్థమైందా?" అని అడిగి, మేము నోరు తెరిచేలోపే "వెరీ గుడ్" అని మెచ్చుకుని ముందుకు పోయేవారు. ఏమీ చేయకుండా అన్ని మెచ్చుకోళ్లు అందుకున్న కాలం నా జీవితంలో మరొకటి లేదు.

మా సారుకు ఇది గిట్టలేదు. "తెరను మీరు చూస్తాండారు, సరే. తెర మిమ్మల్ని చూస్తాందా అప్పా?" అన్నారు. సైకిల్ స్టాండు పక్కనున్న గదిలో, పొద్దున ఆరున్నరకే, ఆ కష్టమైన లెక్కలన్నీ తానే చెబుతానన్నారు. ప్రిన్సిపాల్ ఒక్క షరతు పెట్టారు. హాలో గదో ఒకటే ఎంచుకోవాలి, మధ్యలో మారడానికి లేదు. తొమ్మిది మందిమి గదిని ఎంచుకున్నాం. నేను పత్తికొండ నుంచి మొదటి బస్సులో, టమాటా గంపల మధ్య నిలబడి వచ్చేవాణ్ణి.

సారు బోర్డు కంటే మా మొహాలే ఎక్కువ చూసేవారు. ఒకరోజు నేను మహా గంభీరంగా తల ఊపుతుంటే సుద్దముక్క పక్కన పెట్టి, "ఏమప్పా, తలకాయ ఊగుతాండాది గానీ మొగంలో లెక్క యాడా కనపడల్యా" అన్నారు. నిజమే, ఆ సమయంలో నేను ఇడ్లీల గురించి ఆలోచిస్తున్నాను. సందేహం నోటితో అడిగితే ఒప్పుకునేవారు కాదు. వచ్చి బోర్డు మీద రాయాలి. రాస్తుంటేనే సగం తీరిపోతుందనేవారు. తీరేది కూడా. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మా ఇంట్లోనూ లేరు.

జనవరిలో ఒక సోమవారం గదికి తాళం వేసి ఉంది. సారు రాజీనామా చేశారని అటెండరు చెప్పాడు. మాతో ఒక్క మాట లేదు. వారం తిరక్కుండానే ఆయన మళ్లీ కనిపించారు, హాల్లో, తెర మీద. ఇస్త్రీ చొక్కా, గుండీ దగ్గర చిన్న మైకు, వెనక నీలం గోడ. మేము కిటికీ బయట నిలబడి చూశాం. లోపలికి రానివ్వమని అడిగితే ప్రిన్సిపాల్, "ఆ పొద్దు వద్దంటిరి గదప్పా" అన్నారు. తొమ్మిది మందిలో ఒక్కరికీ ర్యాంకు రాలేదు. నేను కర్నూలులో ఏదో డిగ్రీ చదువుకుని బయటపడ్డాను.

సారు పోయిన మూడో రోజు కల్లూరులో వాళ్లింటికి వెళ్లాను. పరామర్శకని చెప్పుకున్నాను గానీ, మనసులో ఉన్నది తగాదా. సారు భార్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. డోన్ గదిలో చదివినవాణ్ణని చెప్పగానే ఆమె కొంగు సర్దుకుని నెమ్మదిగా అన్నారు.

"ఆయప్పకు చెవులు పోయి శానా దినాలైండె నాయనా. మీరు అడిగేది ఇనపడక, మొగాలు చూసి కనుక్కుంటాండె. ఆఖరికి అదీ చాతగాల్యా. కెమెరా ముందరైతే ఎవురూ ఏమీ అడగరు గదా అని పోయినాడు."

జాలి కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఆ మాట మాకు చెప్పి ఉండొచ్చు. గట్టిగా అరిచి అడిగేవాళ్లం. సీమలో పుట్టినవాళ్లకు అరవడం నేర్పాలా? తొమ్మిది మంది ఆయన్ని నమ్మారు. ఆయన తొమ్మిది మందిలో ఒక్కరినీ నమ్మలేదు.

ఇక నేను చేసిన పని. సారుకో అలవాటు ఉండేది. లెక్క మధ్యలో కావాలనే ఒక తప్పు వేసి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎవరైనా లేచి వచ్చి దాని మీద వేలు పెట్టేదాకా కదిలేవారు కాదు. పెట్టినవాడికి సుద్దముక్క ఇచ్చి తాను బెంచీ మీద కూర్చునేవారు.

ఐదేళ్ల కిందట, మా ర్యాంకులు వచ్చిన రోజు, ఫోన్లో ఆయన పాఠం ఒకటి పెట్టి చూశాను. మూడో వరుసలో మైనస్ రావాల్సిన చోట ప్లస్ వేశారు. చేతులు కట్టుకున్నారు. నీలం గోడ ముందు చాలాసేపు అలాగే నిలబడ్డారు. అది తెలియక చేసింది కాదని నాకు తెలుసు. తెలిసే, పాఠం కింద కామెంట్లలో దొంగ పేరుతో రాశాను: "ఈ సారుకు ప్లస్సుకూ మైనస్సుకూ తేడా తెలీదు. వేరేవాళ్లను పెట్టండి."

గంటలో ఆయన జవాబు వచ్చింది. "పట్టుకున్యావప్పా. ఇన్ని నెలలకు ఒకరు. ఏ ఊరు మీది? మిగతా లెక్క నువ్వే చేసి పంపు, చూస్తాండా."

నేను పంపలేదు. మూడో రోజు కంపెనీవాళ్లు ఆ పాఠం తీసేశారు. అంతవరకూ ఆయన మాట కింద చోటు ఖాళీగానే ఉంది. గంటకోసారి తెరిచి చూస్తూ కూర్చున్నది మాత్రం నేనే.