కల్లు సీసాకు మూత బిగించిన తెలివి

ఒక మనిషి బతుకుతెరువును సీసా మూతతో ఎలా మూసేయవచ్చో మీకు తెలియకపోతే చెబుతాను. జగిత్యాలలో ఆ పని చేసి చూపించినవాణ్ణి నేనే.

బడి నన్ను నాలుగో తరగతిలోనే వదిలేసింది, నేను మాత్రం చదువును వదల్లేదు. మిరపకాయ బజ్జీల పొట్లం కాగితం కూడా చదివి పారేసేవాణ్ణి. అలా చదివినవాడి కడుపులో వాదన తప్ప మరేదీ నిలవదు.

ఆ ఏడు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాయి. వాటి మీద బతికే మా బామ్మర్ది రాజేశం ఇంట్లో పొయ్యి కూడా ఆగేలా ఉంది. మస్కట్ కంపెనీవాళ్లు బొంబాయిలో మనుషులను ఎంచుకుంటున్నారని, జగిత్యాల బస్టాండు పక్క హోటల్లో కలిస్తే తీసుకుపోతానని కోరుట్ల ఏజెంటు చెప్పాడు.

ఆ పొద్దున మా మామ తాటిచెట్టెక్కి కల్లు దింపి నీళ్ల సీసాలో పోశాడు. మూతికి ఆకు కుచ్చు దోపి, విడిగా తీసిన మూతతో సహా నా చేతికిచ్చాడు.

"పిలగాడు పొయ్యేముందు ఒక్క గుక్క తాగియ్యి అల్లుడా. ఆడ దొరకది."

"తొవ్వలనే తాగుత బావ" అన్నాడు రాజేశం.

"దొంగసాటుగ ఎందుకురా? దర్జాగ బువ్వ తినుకుంట తాగు" అన్నాను నేను.

హోటల్లో గోడ మీద బోర్డు: బయటి పానీయాలు తేరాదు.

"ఏందన్నా గది?" అన్నాడు గల్లా దగ్గరి సేటు.

"మా మామ చెట్టు కల్లు."

"బోర్డు చదువలేదా?"

"చదివిన. నీ బువ్వ తింటం, పైసలిస్తం. మా గొంతుల ఏం పోసుకోవాలెనో నువ్వెట్ల చెప్తవ్? ఏ చట్టంల ఉన్నది?"

"నా హోటల్ల నా మాటనే చట్టం."

"గట్లనా? మరి మేము బయటి గాలి పీల్చుకుంట అచ్చినం. అది గూడ ఇడిసి రావాల్నా?"

రాజేశం నా అంగీ గుంజాడు. "ఊకో బావ. ఏజెంటచ్చే యాళ్లయింది."

పక్క బల్ల ముసలాయన "నిజమే గదనే" అన్నాడు. అంతే, నేను ఏనుగెక్కాను. సేటు విసిగిపోయాడు.

"సరే, మూత బిగించి బల్ల మీద పెట్టుకో. తీసినవంటే ఎల్లగొడ్త."

సగం గెలిచాను. ఆ గెలుపు కైపులో ఆకు కుచ్చు పీకేసి మూత బిగించాను. నేను కల్లు గీసే గౌండ్లింట పుట్టినవాణ్ణి, అయ్యా. కల్లుకు ఊపిరాడాలని మా ఇళ్లల్లో పాకే పిల్లకు కూడా తెలుసు. కానీ పాకే పిల్ల చట్టం మాట్లాడదు కదా. మిగిలిన సగం గెలవడానికి నేను మళ్లీ మొదలుపెట్టాను. కిటికీ ఎండలో సీసా, అలిగిన కొత్త అల్లుడిలా ఉబ్బుతోంది.

"బావ, సీసా ఉబ్బుతున్నది."

"ఉబ్బనియ్యి. నేను మాట్లాడుతున్న."

మూత పైకప్పును కొట్టింది. కల్లు రాజేశం నెత్తి మీద నుంచి కొత్త తెల్లంగీ మీదుగా చెప్పుల దాకా దిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. ఆ రోకలి నా చేతిలోనే ఉంది. అప్పుడే ఏజెంటు లోపలికి వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"పొద్దుగాల్నే కల్లుతోని తానం జేసినవా?"

"చుక్క తాగలే సారు."

"తాగనోనికే గింత వాసనుంటే, తాగినోన్నెట్ల తోల్కపోవాలె? బయట ఇంకోడున్నడు, వాన్ని తీస్కపోత."

"గట్లెట్ల సారు, ఏ చట్టంల" అనబోయాను. రాజేశం కల్లు కారే చేత్తో నా నోరు మూశాడు. ఏజెంటు ఎక్కిన బస్సు వాడి ముందునుంచే కదిలిపోయింది.

"తాగనన్న తాగలే" అన్నాడు రాజేశం, ఖాళీ సీసాను చూస్తూ. సేటు గుడ్డ తెచ్చి బల్ల తుడిచాడు.

తరువాత రాజేశం బొంబాయి పక్కన భివండి సాంచాలకు పోయాడు. గుండె నిండా దూది దుమ్ము నింపుకొని, దగ్గుతో తిరిగి వచ్చాడు. నన్ను ఈనాటికీ పల్లెత్తు మాట అనలేదు.

ఆ బోర్డు అన్యాయమని ఇప్పటికీ అంటాను. కానీ మా మామ తాటిచెట్టు మొద్దు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివాడి బస్సుకు టైమైనప్పుడు నేను ఇక న్యాయం మాట్లాడను. నా మాట మీరు నమ్ముతారేమో గానీ, రాజేశం నమ్మడు. మా ఇంటికి వస్తే, వట్టి మంచినీళ్ల సీసా ముందు పెట్టినా, మొదట దాని మూత తీసి జేబులో వేసుకుంటాడు. ఆ తరువాతే కూర్చుంటాడు.