సువర్ణ పట్టుచీర కట్టిన బెదురుబొమ్మ

శిల్ప ప్రదర్శనకు వచ్చిన ముఖ్య అతిథి తన చేతిలోని పూలగుత్తిని మారెక్కకు కాకుండా, ఆమె పక్కనున్న బెదురుబొమ్మకు ఇచ్చాడు. బొమ్మ ఎప్పుడూ చేతులు చాపే ఉంటుంది కాబట్టి తీసుకుంది. ఆయన దానికి నమస్కారం పెట్టి, మారెక్క వైపు తిరిగి, "కొంచెం జరుగు తల్లీ, ఫోటోకు అడ్డమొస్తాండావు" అన్నాడు. మారెక్క జరిగింది.

ఆయనను అనడానికేం లేదు. కళ్ళద్దాలు కారులో మరిచిపోయాడు. పైగా బొమ్మ ఒంటి మీద ధర్మవరం పట్టుచీర, తల మీద ముసుగు. మారెక్క ఒంటి మీద ఉతికి ఉతికి వెలిసిపోయిన నూలుచీర.

ఆ పట్టుచీర మారెక్కది కాదు. ధర్మవరంలో ఉండే ఆమె అన్న భార్య సువర్ణది. వచ్చేవారం సువర్ణ కూతురి నిశ్చితార్థం, అప్పుడు ఆమె కట్టుకోవలసిన చీర. "నువ్వే కట్టుకోవల్ల. ఒక్క పోగు లేచినా నిన్ను గడప తొక్కనీయను" అని చెప్పి మరీ ప్రదర్శన రోజుకని ఇచ్చింది.

విడపనకల్లు దగ్గర మారెక్కకు వేరుశనగ చేను ఉంది. నెమళ్ళకూ అడవిపందులకూ పాతబొమ్మ అలవాటైపోతుందని ఏటా కొత్తది కడుతుంది. కర్రలు, వాటికి చుట్టిన పాత చీర, స్టీలు పళ్ళేలు, గరిటెలు, నెత్తిన ఒక సైకిల్ చక్రం. గాలికి చక్రం తిరిగితే గరిటెలు పళ్ళేలను బాదుతాయి. బస్సులో పోతూ దాన్ని చూసిన లహరి పరుగున చేలోకి వచ్చింది. ఆమె అనంతపురంలో శిల్పాలు చేసే అమ్మాయి.

"మేము కొందరం కలిసి ప్రదర్శన పెడతాండాం అక్కా. ఇదీ రావల్ల."

"దీన్ని చూస్తే మా ఊరి కుక్కలే మొరుగుతాయి గదమ్మా!" అని నవ్వింది గానీ, సాయంత్రానికి ఊరంతా చెప్పేసింది మారెక్క.

బస్సు టాపు మీద గాలికి బొమ్మ పాత చీర పేలికలైపోయింది. అనంతపురంలో ప్రదర్శన పెట్టిన కల్యాణమండపం చేరేసరికి మిగిలినవి కర్రలూ పళ్ళేలే. లోపల కాలిపోయిన మోటారు తీగలతో చేసిన ఏనుగు, పట్టుదారాల గుట్ట, బండపెళ్ళల చేప కొలువుదీరి ఉన్నాయి. లహరి బోరు పైపులతో చేసిన శిల్పం ముందు ఆగినవాళ్ళంతా "ఎన్నించులు పడినాయమ్మా నీళ్ళు?" అనే అడుగుతున్నారు.

"బట్ట లేకుంటేనే బాగుండాది అక్కా, పనితనమంతా కనపడతాది" అంది లహరి.

"ఇంతమంది మొగోళ్ళ ముందర గుడ్డ లేకుండా నిలబెడతావా? ఆడబొమ్మ అది!"

మారెక్క మండపంలోని పెళ్ళికూతురి గదిలోకి పోయి, ఒంటి మీది పట్టుచీర విప్పి, సంచిలోని నూలుచీర కట్టుకుని, పట్టుచీర చేతపట్టుకుని బయటికి వచ్చింది.

పూలగుత్తి ముచ్చట అయ్యాక అసలు కష్టం మొదలైంది. మండపంలో గాలి లేదు. చక్రం కదలదు. "బట్టలంగడి బొమ్మ మాదిరుండాదే" అన్నాడొకాయన. ఆ మాట మారెక్కకు ఎక్కడో తగిలింది.

"మొయ్యండప్పా బయటికి! ఏం చూస్తాండారు!"

నలుగురు మోసి ముందరి వాకిట్లో నిలబెట్టారో లేదో పడమటి గాలి విసురుగా తగిలింది. చక్రం గిర్రున తిరిగింది. గరిటెలు పళ్ళేలను దడదడా బాదాయి. మండపం మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. పిల్లల కేకలు, పెద్దల ఈలలు. ఎన్ని ఫోన్లు పైకి లేచాయో! మారెక్కకు ఒళ్ళు తెలియలేదు. అలవాటు కొద్దీ "హోయ్, హోయ్, హాహా!" అని పందులను తోలే కేక పెట్టింది. టీ తాగుతున్న ముఖ్య అతిథి గబగబా గోడ పక్కకు జరిగాడు.

అంతలో కొంగు ఎగిరి చక్రం వైపు పోయింది. మారెక్క ఒక్క దూకు దూకి కొంగును ఒడిసిపట్టుకుంది. చువ్వలు వేళ్ళను గీరుకుపోయాయి. చేతుల్లో పరుచుకుని జరీ అంతా తడిమి చూసింది. ఒక్క పోగు లేవలేదు.

హమ్మయ్య అని తలెత్తితే గేటు దగ్గర సువర్ణ. ఆడబిడ్డ గొప్ప చూద్దామని ధర్మవరం నుంచి చెప్పకుండా వచ్చింది.

"ఏమ్మే మారెక్కా! నువ్వు కట్టుకుంటానని తీసుకోనొచ్చి, నా పట్టుచీర పందుల బొమ్మకు చుడతావా?"

మారెక్క కొంగు వదలకుండానే, ఫోన్లెత్తి నిలబడిన జనాన్ని గడ్డంతో చూపించింది.

"నువ్వు కట్టుకున్నప్పుడు ఎప్పుడన్నా ఇంతమంది ఫోటోలు తీసినారా వదినా?"