తోమి పోగొట్టిన వెండి

మా ఆయనకు మగ్గం అచ్చిరాలేదు. ధర్మవరంలో మా పుట్టింటివాళ్లూ, పెనుకొండలో అత్తింటివాళ్లూ పట్టుచీరలు నేసేవాళ్లే. నలుగురు అన్నదమ్ముల్లో ఈయన ఒక్కడే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కుదురుగా కూర్చోలేక కారు పట్టాడు. పందొమ్మిది వందల యాభైల నడుమ నాకు పెళ్లయ్యేటప్పటికి ఆయన చేతిలో ఒక పాత బండి ఉండేది. తెల్లదొరల కాలంలో ఎవరో ఆఫీసరు వాడి వదిలేసింది. దాని చక్రాలకు ఎద్దులబండికి ఉన్నట్టు కట్టె ఆకులు, నడిమి నుంచి అంచుదాకా పోయే కర్రలు. ముందర రెండు దీపాలు, ఒక్కొక్కటీ మా అత్త పప్పు వండే గిన్నెంత. పెళ్లిళ్లకూ తిరిగేది గానీ, ఎక్కువగా రోగులకే. సోమందేపల్లి మీదుగా హిందూపురం ఆసుపత్రికి ఎవరిని తీసుకుపోవాలన్నా మా వాకిట్లోకే వచ్చేవారు.

ఆయన దాన్ని బిడ్డలా చూసుకునేవాడు. ఎండాకాలంలో కట్టె ఎండి ఆకులు కిర్రుమంటే, రైతులు బండిచక్రాలను వాగులో నానబెట్టినట్టే, వీటికీ తడి గోనెపట్టాలు చుట్టి రోజంతా నీళ్లు పోసేవాడు. కట్టె ఉబ్బి బిగుసుకునేది, చప్పుడు పోయేది. కారుకు తలంటు పోస్తున్నావా అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఎగతాళి చేసే నోటికి తర్వాత మాటే రాకుండా పోతుందని అప్పుడు తెలియదు.

ఆ ఏడు దసరాకు నాకు ఎనిమిదో నెల. ఆయుధపూజ నాడు అత్తింట్లో మగ్గాలు ఆపి పసుపుకుంకాలు పెట్టారు. కారుకూ పెట్టాలి. ఆయన బండి ఒళ్లంతా కడిగి బావికి స్నానానికి పోయాడు. నేను దీపాల దగ్గర ఆగాను. అద్దాల వెనక లోపలి వెండి రంగు గిన్నెలు నల్లబడి ఉన్నాయి. పండగపూట దీపపు కుందులు తోమకుండా ఎవరైనా పెడతారా? అద్దాలు విప్పడం ఆయన చేస్తుంటే చూసిందే. విప్పాను. చింతపండు, బూడిద తెచ్చి, దేవుడి దగ్గర వెండి సామాను ఎలా తోముతామో అలా, చేతులు నొప్పి పుట్టేదాకా రెండు గిన్నెలూ తోమాను. నలుపు పోయి పసుపుపచ్చగా ధగధగలాడాయి. వెండి తెల్లగా కదా మెరవాలి, ఇది పచ్చగా ఎందుకుందని నాకు తట్టలేదు. అద్దాలు బిగించి, బొట్లు పెట్టి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ వారం నుంచే దీపాల వెలుతురు తగ్గింది. ఆయన బల్బులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. ఒకరోజు అద్దం విప్పి లోపలికి చాలాసేపు చూసి మళ్లీ మూసేశాడు. ఏమైందని అడిగాను. అవి ఇత్తడి గిన్నెలనీ, లోపల పలచగా వేసిన వెండి పూత మీద పడితేనే వెలుగు దూరం పోతుందనీ, ఆ పూత పోయిందనీ చెప్పాడు. ధర్మవరంలో పూత వేసేవాళ్లున్నారు, కాన్పు అయ్యాక చూద్దాంలే అన్నాడు. నేనే తోమానని చెప్పడానికి నోరు రాలేదు. కొత్త కోడలు తప్పు చేస్తే మాట పుట్టింటి పెంపకం దాకా పోతుంది. ఆ భయంతో నోరు మూసుకున్నాను. పిరికిదాన్ని, అంతే.

కార్తీకంలో, నెలలు ఇంకా నిండకముందే, ముసురు పట్టిన ఒక సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి, బిడ్డ అడ్డం తిరిగింది, హిందూపురం తీసుకుపోండి అంది. బయలుదేరేసరికి చీకటి పడింది. వెనక సీట్లో అత్త నా తల ఒళ్లో పెట్టుకుంది. ఆ పచ్చటి వెలుగు కారు ముందు నాలుగు బారలు కూడా పోలేదు. ఆయన తల బయటికి పెట్టి, వానలో తడుస్తూ రోడ్డు వెతుక్కుంటూ నడిచే మనిషంత మెల్లగా పోనిచ్చాడు. సోమందేపల్లికి ఇవతల, రోడ్డు కింద వాననీళ్లు పోయే ఒక మోరీ ఉంది. దాని అంచున పాతిన రాయి ఆయనకు కనపడలేదు. ముందు చక్రం దానికి కొట్టుకుని ఆకులు ఫెళఫెళా విరిగాయి. ఆయన సోమందేపల్లికి పరుగెత్తి ఎద్దులబండి మాట్లాడుకొచ్చాడు. మేం ఆసుపత్రి చేరేసరికి తెల్లవారింది. నన్ను దక్కించారు. మగబిడ్డ. ఏడవలేదు.

దీని గురించి ఇంతకన్నా రాయలేను.

కారును ఎద్దులతో హిందూపురానికి ఈడ్పించి, బండిచక్రాలు చేసే ఒక వడ్రంగి వాకిట్లో పెట్టారు. రెండు నెలల తర్వాత ఆసుపత్రిలో చూపించుకోవడానికి పోయినప్పుడు మేమిద్దరం అక్కడికి వెళ్లాం. వడ్రంగి విరిగిన ఆకులను ముందరేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకదాని మొదలు గోటితో గీకితే పిండిలా రాలింది.

"ఏమప్పా, నీళ్లు తాపి తాపి కుళ్లబెట్టినావు కదా. బండిచక్రానికైతే నీళ్లు పోసినా గాలికి ఆరిపోతాది. దీనికి మొదుట్లో బోల్టులుండాయి. అవి తుప్పుపట్టి కట్టెను తినేసినాయి. ఆకులు గట్టిగా ఉంటే రాయి తగిలినా ఇట్లా విరగవు."

మా ఆయన ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముఖం నల్లబడింది. నాకు మాత్రం ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది. తప్పు నా ఒక్కదానిదే కాదు! ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. మరుక్షణమే ఆయన చేతులు చూశాను. ఆ గోనెపట్టాలు చుట్టిన చేతులు. ఎంత ప్రేమగా చుట్టేవాడో నాకు తెలుసు.

వడ్రంగి నాలుగు చక్రాలూ విప్పాడు. అటక మీద ఏళ్లుగా ఆరిన నల్లతుమ్మ దించి ఒక్కొక్క ఆకూ చెక్కాడు. బిగించేముందు ప్రతిదాన్నీ రాతిమీద తట్టి, చెవి పెట్టి విన్నాడు. మందంగా మోగినవి పక్కన పడేశాడు. చక్రం తయారయ్యాక, వంకర ఉందేమోనని దాని పక్కన ఒక మేకు నిలబెట్టి తిప్పాడు. చక్రం మేకుకు ఎక్కడా తగలకుండా తిరిగింది. ఇంక దీనికి నీళ్లు చూపించొద్దు, ఏడాదికోసారి నూనె పట్టించు చాలు అన్నాడు.

మిగిలినవి దీపాలు. ధర్మవరంలో పాత పట్టుచీరలు కొని, కాల్చి, జరీలోని వెండి తీసే కంసాలి ఒకాయన ఉండేవాడు. పూత పనీ ఆయనదే. నేను పెట్టెలోంచి నా పెళ్లిచీర తీశాను. పూతకు వెండి మనదే ఇద్దామన్నాను. ముత్తయిదువ పెళ్లిచీరను నిప్పుల్లో వేస్తారా అని అత్త మండిపడింది. ఆమె చెప్పింది నిజమే. మాలో ఎంత కరువొచ్చినా ఆ ఒక్క చీర కాల్చరు. కానీ తోమి పోగొట్టిన వెండిని నా ఒంటిమీద నుంచే తిరిగివ్వాలని నా పంతం. ఆ పంతం ఎందుకో చెప్పలేదు. మా ఆయన నా ముఖంకేసి చూసి సరేనన్నాడు.

ఆ చీర నేసింది మా నాయన. పుట్టింటికి పోయి విషయం చెబితే ఆయన చీర ఒళ్లో వేసుకుని కొంగు జరీ మీద చెయ్యి ఆడించాడు. కత్తెర అడిగాడు. "నేసినోడే కోస్తే దోషం లేదులేమ్మా," అని, కొంగు వరకు తన చేత్తోనే కోసి ఇచ్చాడు. నేను ఆ రోజు ఏడ్చినంతగా ఆసుపత్రిలో కూడా ఏడవలేదు.

మా ఆయన, నాయన, నేను ముగ్గురం కంసాలి దగ్గరికి పోయాం. కంసాలి దీపం గిన్నెను వాకిలి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పాతబడి పోయిన పూత కాదు. ఎవురో చింతపండుతో తోమినారు, గీతలు సూడు. ఎవురప్పా ఈ పని చేసింది?"

పక్కనే మా నాయన. నేనని చెప్పడానికి నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు.

"నేనే తోమినా. పండగ కదా అని."

కంసాలి తిట్టాడు. దీపపు కుంది అనుకున్నావా, ఆడోళ్లు కూడా చేయరే ఈ పని అన్నాడు. మా నాయన అల్లుడి వైపు ఒక చూపు చూశాడు. బిడ్డ పోయింది దీని వల్లనా అన్నట్టుంది ఆ చూపు. మా ఆయన తల వంచుకుని ఆ చూపును కూడా భరించాడు.

కొంగు, లోహం కరిగించే మట్టిమూసలో కాలింది. వెంట్రుకలు కాలిన కంపు. బూడిదలోంచి చివరికి కుంకుడుగింజంత వెండి తేలింది. నాలుగు రోజులకు గిన్నెలు పాలలా తెల్లగా తయారయ్యాయి. మెత్తటి పట్టుగుడ్డతో తప్ప ముట్టుకోవద్దని కంసాలి మా ఆయనకే మరీ మరీ చెప్పాడు.

కారులో పెనుకొండకు తిరిగొచ్చేటప్పుడు పొద్దు గుంకింది. ఆయన దీపాలు వేశాడు. తెల్లటి వెలుగు రోడ్డు పొడుగునా పరుచుకుంది. అప్పుడు చెప్పాను, తోమింది నేనని. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది.

"తెలుసు. ఆ పొద్దు బావికాడ నుంచి వస్తా సూసినా. నువ్వు తోముతాండావు. బాగా మెరుస్తాండాయే అనుకున్నా. వద్దని చెప్పే తెలివి నాకూ లేకపాయ."

పెనుకొండ వచ్చింది. ఇంటి సందులోకి తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. ఊరు దాటి సోమందేపల్లి దారి పట్టాడు. ఎక్కడికని నేను అడగలేదు. కొంత దూరం పోయాక కారు ఆపాడు. వెలుగు పడిన చోట, ఇంకా ఎంతో ముందర, మోరీ అంచున ఆ రాయి ఉంది. చక్రం కొట్టుకున్న చోట పెచ్చు ఊడిన గుర్తు కూడా అక్కడినుంచే కనపడుతోంది.